బుడగలో పట్టిన మాట

సరే, మాట్లాడకు. ఇప్పుడు నిన్నెవరు బతిమాలుతున్నారు? అరవై మూడు రోజులు నోరు మూసుకున్నావు, ఇంకో అరవై మూడు మూసుకో. గోడకి చెప్పుకుంటే కాస్త ప్రతిధ్వనైనా వస్తుంది. సొంత చెల్లెలికి చెప్పుకుంటే అదీ లేదు.

అసలు పలకరించడానికి మనిషంటూ కనబడితే కదా! నేను షెడ్డులోకి అడుగు పెట్టడం, నువ్వు బస్సు కిందికి దూరడం. రెండు బూట్లు తప్ప ఇంకేం మిగల్చలేదు నాకు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. నీ జుట్టు నాకు అందే రోజులు ఎప్పుడో పోయాయిలే, కాళ్ళతోనే మాట్లాడతాను.

మీ మేస్త్రి అరగంట ఇచ్చాడు. "ఆవిడ మీతో మాట్లాడదు కదండీ, అరగంట ఏం చేసుకుంటారు?" అని నవ్వాడు కూడా. షెడ్డంతా తెలిసిపోయిందన్నమాట మన భాగోతం. చాలా సంతోషం.

ఈ పీట మీద గ్రీజు లేదు కదా? ఉందా? ఉంటే ఉందిలే. కూర్చున్నాక అడిగి ఏం లాభం.

చూడు, నాలుగింటికల్లా నేను ఆఫీసుకి కొన్ని కాగితాలు పంపాలి. ఏం కాగితాలో చెప్తాను, కంగారు పడకు. నువ్వెందుకు పడతావులే, హాయిగా వెల్లకిలా పడుకుని ఉన్నావు.

ముందు ఒక్క మాట అడగనీ. నేను చేసేది ఏం పనే? ఇన్నేళ్ళలో ఎవరికైనా సరిగ్గా చెప్పావా? "మా అక్క పిల్లల పుస్తకాలేవో రాస్తుంది" అంటావు. పిల్లల పుస్తకాలట! రాస్తానట! ఫ్రెంచి వాళ్ళ బొమ్మల కథల్ని ఇంగ్లీషులోకి మారుస్తానే తల్లీ. అందులో ఒక పావురం ఉంటుంది. రైల్వే స్టేషన్లో బతుకుతుంది. దానికి ఉద్యోగం లేదు, సిగ్గు లేదు, నోటికి అడ్డూ ఆపూ లేదు. పెద్దవాళ్ళే కొనుక్కుని చదువుతారు, పిల్లలకి దొరక్కుండా దాచుకుని మరీ.

ఆ పావురం మాట్లాడేది బళ్ళో చెప్పే ఫ్రెంచి కాదు. వీధి ఫ్రెంచి, వేళాకోళాల ఫ్రెంచి. వాళ్ళకి దిగులేస్తే 'నాకు బొద్దింక పట్టింది' అంటారు. మనిషి కళ్ళు తిరిగి పడిపోతే 'యాపిల్ పళ్ళలో పడ్డాడు' అంటారు. సోమరిపోతుని చూసి 'వాడి అరచేతిలో వెంట్రుక మొలిచింది' అంటారు. కోతలు కోసేవాడు 'సలాడ్లు చెప్తున్నాడు'. మనం మాత్రం తక్కువ తిన్నామా? కాకమ్మ కథలు చెప్తాం, చెవిలో పువ్వులు పెడతాం. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

కానీ ఆ పిచ్చిని తీసుకెళ్ళి ఇంగ్లీషులో పెట్టు చూద్దాం! బొద్దింకని బొద్దింకలాగే పెడితే చదివేవాడు చీపురు పట్టుకొస్తాడు. 'అతడు విచారముగా ఉండెను' అని పెడితే పావురం అక్కడికక్కడే చస్తుంది. పైగా కొలత ఒకటి. బొమ్మలో ఆ మాట కోసం గీసిన బుడగ ఎంత ఉంటే మాట కూడా అంతే ఉండాలి. కాస్త ఎక్కువైందంటే, బుడగల్లో అక్షరాలు రాసే పెద్దమనిషి ఫోన్ చేసి, "అమ్మా, మీ వాక్యం పావురం తోక మీదకి వచ్చేసింది" అంటాడు. ఆయన వెటకారం ఆయనది.

ఈ పావురాన్ని నాకిచ్చిన మొదటి నెల ఏం జరిగిందో నీకు చెప్పాను కదా? డిగ్రీలు రెండు, నిఘంటువులు పధ్నాలుగు. అన్నీ ముందేసుకుని, నడుము విరిగేలా కూర్చుని చేశాను. మా ఎడిటరమ్మ నాలుగు పేజీలు చదివి, కళ్ళద్దాలు తీసి, "ఏమండీ, ఇది పావురమా, ప్లీడరా?" అంది. నవ్వకు. నవ్వుతున్నావు కదూ కింద? లేదా? సరే, లేదు.

ఆ రోజే నీకు ఫోన్ చేశాను, ఊరికే, నా ఏడుపేదో చెప్పుకుందామని. నువ్వు ఇలాగే ఏదో బండి కింద ఉన్నావు. "తర్వాత చేస్తానక్కా, ఈ బండి ఇంకా పైజమాలోనే ఉంది" అన్నావు, మీ షెడ్డు ఇంగ్లీషులో, నీ పక్కవాళ్ళకి కూడా వినబడేలా. పొద్దున్నే స్టార్ట్ కాని బండిని మీరు అలా అంటారట! నేను ఫోన్ పెట్టేసి, ఆరో పేజీలో నిద్ర లేవని పావురం నోట్లో ఆ మాట పెట్టాను. పట్టింది. నవ్వొచ్చింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నా వాక్యానికి నాకే నవ్వు రావడం అదే మొదలు.

నీ నోటి విలువ నీకేం తెలుసే! పది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, పది భాషల వాళ్ళు, కలిసి తిట్టుకోవడానికి ఈ షెడ్డులో మీకంటూ ఒక ఇంగ్లీషు తయారు చేసుకున్నారు. బోల్టు బిగిసిపోతే ఒక మాట, వదులైపోతే ఒక మాట. మేస్త్రికి కోపమొస్తే 'ఆయన రేడియేటరు పాట అందుకుంది' అంటావు. ఇదంతా ఏ బళ్ళో చెప్తారు? ఏ నిఘంటువులో దొరుకుతుంది? నేనేమో ఇంట్లో కూర్చుని పుస్తకాలకి దుమ్ము దులుపుతున్నాను. ఆ పావురానికి కావలసిన నోరేమో నా తోడబుట్టినదానికే ఉంది.

ఇంక చూస్కో, రోజూ ఒంటిగంటకి ఫోన్. నీ భోజనాల టైము. "తిన్నావా? ఏం తిన్నావు? బండి మొరాయిస్తే మీ వాళ్ళు ఏమంటారే?" అని మధ్యలో ఒకటి. "సరే ఉంటా మరి, ఒళ్ళు జాగ్రత్త, అబద్ధాలాడేవాణ్ణి ఏమంటారు?" అని చివర్లో ఒకటి. నువ్వేమో, అమ్మ పోయాక అక్కకి నా మీద ప్రేమ పెరిగిందని ఊరంతా చెప్పుకున్నావు. ప్రేమ లేదని కాదు. ఉంది. పక్కన కాగితం కూడా ఉంది.

ఆ పానాతో అంత గట్టిగా కొట్టకు, అసలే తలనొప్పి.

సరే, ఇప్పుడు హాలు సంగతి. చెప్పక తప్పదు కదా.

పుస్తకం బయటికొచ్చిన రోజు నిన్ను రమ్మన్నది నేనే. నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళాను. ముందు వరసలో కూర్చోబెట్టాను, నీతోపాటు షెడ్డువాళ్ళు ముగ్గురిని కూడా. బాగా తోముకున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని నలుగురూ ఎంత బుద్ధిగా కూర్చున్నారో! నాటకాలు వేసే అతనెవరో పేజీలు పైకి చదివాడు. పైజమా మాట రాగానే నువ్వు "అది నాదే!" అని కుర్చీలో ఎగిరావు. పక్కవాడి భుజం మీద ఒక్కటిచ్చావు. రేడియేటరు మాటకైతే మీ నలుగురి నవ్వే హాలంతా వినబడింది. నేను వేదిక మీద నుంచి నిన్నే చూస్తున్నాను. నాకెంత గర్వంగా ఉందో తెలుసా?

ఆ తర్వాత నలభై ఒకటో పేజీ.

ఆడపావురం వస్తానని చెప్పి రాదు. మనవాడు రెక్కలు దువ్వుకుని, ఐస్‌క్రీము బండి పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడతాడు. వస్తానన్న మనిషి రాకపోతే ఫ్రెంచి వాళ్ళు 'కుందేలు పెట్టింది' అంటారు. ఎందుకు కుందేలు అని నన్నడక్కు. అలా అంటారు, అంతే. మరి ఇంగ్లీషులో నేనేం పెట్టాను? "నన్ను పార్క్ చేసి పోయింది, ఇంజనైనా ఆపకుండా."

హాలు గొల్లుమంది. అంత పెద్ద హాలూ అదిరిపోయింది. నీ షెడ్డువాళ్ళు మరీనూ, 'ఇది మన మాటేరా' అని చప్పట్లు కూడా కొట్టారు. వాళ్ళకేం తెలుసు పాపం. నువ్వు లేచావు. కోటు కుర్చీ మీదే వదిలేసి వెళ్ళిపోయావు.

అందరికీ నేనేం చెప్పానో తెలుసా? మర్చిపోయానని. "వందల పేజీలు చేస్తాం, చెవిన పడ్డ మాటల్లో ఏది ఎవరిదో గుర్తుంటుందా? ఎక్కడో విన్నాను, వాడేశాను, నా చెల్లెలు ఆ రోజు అన్న మాటని తోచనే లేదు" అని. ఎడిటరమ్మకి అదే చెప్పాను, మీ మేస్త్రికి అదే చెప్పాను. కోటు ఇవ్వడానికి వచ్చినప్పుడు మీ ఇంటి తలుపుకీ అదే చెప్పాను. తలుపు నమ్మిందనుకుంటా, ఎదురేమీ చెప్పలేదు.

ఈ రెండు నెలలూ నేనేం చేశానో అడగవేం? రెండో పుస్తకం మీద కూర్చున్నాను. నువ్వు లేకుండా! బస్టాపు దగ్గర టీ కొట్లో కూర్చుని కుర్రకారు మాటలు విన్నాను. నన్ను చూడగానే వాళ్ళు "గుడ్ ఈవినింగ్ మేడమ్" అని నోళ్ళు కుట్టేసుకున్నారు. మంగలిని అడిగాను. బుడగల పెద్దమనిషిని కూడా అడిగాను, "మీరు కోపమొస్తే ఏమంటారండీ?" అని. "నాకు కోపం రాదమ్మా" అన్నాడు. మొన్న పన్నెండు పేజీలు ఇస్తే, ఎడిటరమ్మ అద్దాలు కూడా తీయలేదు. "ప్లీడరుగారు మళ్ళీ వచ్చారా?" అంది.

బూటు ఆగిపోయింది. అంటే వింటున్నావన్నమాట. అంటే, మర్చిపోయానన్న ముక్క నువ్వు నమ్మలేదన్నమాట.

నమ్మకు. మంచిపని.

మా మరిదిగారు, నీ మొగుడనే ఆ మహానుభావుడు, ఆ రోజు పదింటికి ఆసుపత్రికి కారు తెస్తానన్నాడు. అపెండిక్సు తీయించుకున్న మనిషివి, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆసుపత్రిలో లిఫ్టు పక్కన కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నావు. పది అయింది, పన్నెండయింది, రెండయింది. "ఎవరైనా వస్తున్నారా అమ్మా?" అని నర్సు రెండుసార్లు అడిగిందట. వస్తున్నారని చెప్పావట. నాలుగింటికి నాకు ఫోన్ చేశావు. అప్పటికే అతగాడు బట్టలు సర్దుకుని, తాళాలు పక్కింట్లో ఇచ్చి, ఊరు దాటేశాడు. పదకొండేళ్ళ కాపురం, పక్కింటావిడ ఫోన్లో నీకు ఒక్క ముక్కలో చెప్పేసింది.

నువ్వు తెలుగులోనే మొదలుపెట్టావు. "అక్కా" అన్నావు. అంతలోనే షెడ్డు ఇంగ్లీషులోకి మారావు. అందులో అయితే నీకు ఏడుపు రాదు, ఆ సంగతి నాకు తెలుసు. "హీ పార్క్‌డ్ మీ అక్కా, లెఫ్ట్ ది ఇంజన్ రన్నింగ్" అని నవ్వబోయావు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నేనేమన్నాను? "అక్కడే ఉండు, కదలకు, ఇప్పుడే వచ్చేస్తున్నాను" అన్నాను. ఎంత మంచి అక్కని!

అరగంటలో రావలసినదాన్ని ఐదున్నరకి వచ్చాను. ట్రాఫిక్ అన్నాను. నువ్వు ఆ రోజూ అడగలేదు, ఈ రోజు వరకూ అడగలేదు.

ట్రాఫిక్కేం లేదే.

నలభై ఒకటో పేజీ నా బల్ల మీదే ఉంది. మూడు వారాలుగా ఆ కుందేలు నా ప్రాణం తీస్తోంది. 'ఆమె రాలేదు' అని పెట్టాను, కొట్టేశాను. 'ఆమె మోసగించెను' అని పెట్టాను, నాకే సిగ్గేసింది. ముప్పై రకాలు రాసి ముప్పైనీ కొట్టేశాను. పెన్ను చేతిలోనే ఉంది. నువ్వు ఫోన్‌లో ఉండగానే రాసేసుకున్నాను. నువ్వింకా ఊపిరి కూడదీసుకుంటూనే ఉన్నావు అవతల.

ఫోన్ పెట్టేశాక లేవాలి కదా? లేవలేదు. 'హీ' తీసి 'షీ' పెట్టాను. ఒక అక్షరం పెరిగింది, దానికీ చోటుంది. బుడగలో పెన్సిలుతో వేసి చూశాను. పట్టింది. దూరంగా పెట్టి చూశాను. చెరిపి, ఇంకా బాగా వస్తుందేమోనని మాటలు అటూ ఇటూ మార్చి చూశాను. నువ్వన్నదే బాగుంది. మళ్ళీ అదే రాశాను. పైకి చదువుకుని నవ్వుకున్నాను కూడా. అప్పుడు లేచి చెప్పులేసుకున్నాను.

ఆ ఆఖరి గంట నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నది అతని వల్ల కాదు. నా వల్ల.

అమ్మయ్య, బయటికొచ్చావా! మెల్లగా, తల తగులుతుంది. మొహం చూసి ఎన్నాళ్ళయిందే! చిక్కిపోయావు. ముక్కు మీద గ్రీజుంది. అలా చూడకు. తిట్టు, పడతాను. కొట్టినా పడతాను. అదేదో ఒకటి చెయ్యి కానీ అలా చూడకు.

సరే సరే, కాగితాలు. పుస్తకం అంతా అమ్ముడైపోయింది, మళ్ళీ అచ్చు వేస్తున్నారు. వేసేముందు తప్పులుంటే దిద్దమని ఈ ప్రూఫులు పంపించారు. ఏ మాట కావాలంటే ఆ మాట తీసెయ్యచ్చు, ఆ హక్కు నాకుంది. "ఆ ఒక్కటీ మాత్రం ముట్టుకోకండి, పుస్తకం నిలబడిందే దాని మీద" అంది ఎడిటరమ్మ. పేపర్లో రాసినాయన కూడా దాన్నే ఎత్తి చూపించాడు. 'అనువాదకురాలి చెవి అమోఘం' అట. చెవి! అది నిజమేలే, చెవే కదా.

మూడు రోజుల నుంచి ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటున్నాను. కామాలు పదకొండు దిద్దాను. రెండు చోట్ల పేజీ నంబరు తప్పు పడితే పట్టుకున్నాను. ఇరవై, ముప్పై, నలభై పేజీల దాకా గుర్రంలా పరుగెడతాను. నలభై ఒకటి రాగానే లేచి టీ పెట్టుకుంటాను. తాగిన టీలకి నాకు నిద్ర పట్టడం మానేసింది.

బాగుందే ఆ మాట! అదే నా ఏడుపు. పద్దెనిమిదేళ్ళలో నేను అచ్చు వేయించిన వాటిలో ప్రాణమున్న వాక్యం అదొక్కటే. అదీ నాది కాదు. నేను కొట్టలేను. చేత కావడం లేదు. అందుకే నీ దగ్గరికి తెచ్చాను. నీ మాట, నువ్వే కొట్టు. ఇదిగో పెన్ను.

పెన్ను వద్దా? పోనీ చేతులు తుడుచుకో, ప్రూఫు పాడవు... సరే, తుడుచుకోకు. నీ ఇష్టం.

చదువు. ఆ కింద ఉంది, మూడో బొమ్మ. ఆ పావురం మొహం చూడు, ఎంత బాగా గీశాడో! దువ్వుకున్న రెక్క కూడా చెదిరిపోయింది చూశావా? ఏమిటది? నీ పెదవి కదిలింది. నవ్వొచ్చింది కదూ? వచ్చిందే, నేను చూశాను! దాచుకుంటావేం? బాగుంది కదా? నీకూ బాగానే ఉంది కదా? పోనీ ఒక పని చేద్దాం, ముందు పేజీలో 'ఈ మాట ఇచ్చినది నా చెల్లెలు' అని పెద్ద అక్షరాలతో వేయిస్తాను, ఉంచేద్దామా? ఏమంటావు?

అయ్యో.

బొటనవేలితోనా! అంత నల్లగా... వెనక పేజీకి కూడా దిగింది. చాలు. చాలే, ఇంక రుద్దకు, కాగితం చిరుగుతుంది. పోయింది. ఒక్క అక్షరం కూడా కనబడటం లేదు.

మంచి పని చేశావు. నేను చెయ్యాల్సిన పని. ఇలా ఇవ్వు, సంచీలో పెట్టుకుంటాను. నాలుగింటికి పంపిస్తాను, ఒట్టు. 'ఆమె రాలేదు' అని పెడతాను అక్కడ. పావురం పోతే పోయింది, ఎవడికి కావాలి?

ఏడుస్తున్నానా? ఏడుస్తున్నాను, అయితే ఏం? ఆ గుడ్డ వద్దు, దాంతో యాక్సిల్ తుడిచావు ఇందాక. కళ్ళకెక్కడ... వద్దన్నానా? నా భుజం మీద చెయ్యి వెయ్యకే. మీ మేస్త్రి చూస్తున్నాడు.

ఏమన్నావు?

అక్కా అన్నావా?

అరవై మూడు రోజుల తర్వాత అక్కా అన్నావు. ఊరుకో అక్కా, అయిపోయిందిగా అంటున్నావు. ఈ ముక్క కోసం నేను ఎన్నిసార్లు వచ్చాను! మీ ఇంటి మెట్ల మీద కూర్చున్నాను, మీ మేస్త్రి చేత మాటలు పడ్డాను. ఇప్పుడు కిక్కురుమనకుండా ఊరుకుని, నీ చెయ్యి అలా నా భుజం మీదే ఉండనిచ్చి, ఇంటికి పోవచ్చు. ఈ ఏడుపు దేనికో నీకెప్పటికీ తెలియదు. ఆ మాత్రం అబద్ధం నాకు కొత్తా? కానీ నీ దగ్గర ఇప్పటికే చాలా తీసుకున్నానే. ఇది కూడా ఎలా తీసుకోను?

నేను నీకోసం ఏడవడం లేదు. ఆ మాట పోయిందని ఏడుస్తున్నాను.